జానెడు మట్టి, బెత్తెడు క్యారెట్: మిద్దెతోటలో విత్తనం నుంచి గడ్డ దాకా

మిద్దెతోట మొదలుపెట్టినవాళ్లు టమాటా, వంకాయ, ఆకుకూరలు చేతికొచ్చాక ఏదో ఒక ఏడాది క్యారెట్ ప్యాకెట్ కొనకుండా ఉండరు. చాలామందికి అసలు మొలకే రాదు. వచ్చినవాళ్లకు పైన ఆకు ఏపుగా ఎదిగి ఊరిస్తుంది, పీకి చూస్తే కింద ఎలుకతోకంత వేరు వేలాడుతుంది.

హైదరాబాద్‌లో మా మిద్దె మీద నాకూ మొదటి రెండేళ్లు ఇదే వరస. మొదటి ఏడాది సంక్రాంతి సెలవుల్లో తీరిక దొరికిందని అప్పుడు విత్తాను. ఏప్రిల్‌లో తీసిన గడ్డలు పాలిపోయి, నడుమ పుల్లలా గట్టిగా, నోట్లో పెడితే ఘాటుగా ఉన్నాయి. రెండో ఏడాది నెల సరిగ్గానే పట్టుకున్నాను గానీ, బలం కోసమని సగం మాగిన పేడ బాగా కలిపాను. ఒక్కో గడ్డకు మూడేసి కాళ్లు మొలిచాయి. మా అత్తయ్య వాటిని పేపర్ మీద పరిచి "ఇవి క్యారెట్లా, బొమ్మలా?" అని ఒకటే నవ్వు.

మూడో ఏడాది నుంచి దారిలో పడింది. అప్పుడు తెలిసిందేమిటంటే, క్యారెట్ విషయంలో పని మొత్తం ముందే ఉంటుంది. నెల, మట్టి, విత్తాక మొదటి రెండు వారాల కాపలా. ఈ మూడూ కుదిరితే ఆ తర్వాత టమాటాకు చేసే చాకిరీలో పావు వంతు కూడా చేయనక్కర్లేదు.

ముందు క్యాలెండర్ చూడండి

గడ్డకు మంచి రంగు, తీపి రావాలంటే వాతావరణం 15 నుంచి 20 డిగ్రీల దగ్గర ఉండాలి. మన మైదానాల్లో పగలు అంత చల్లదనం దొరకదు, కానీ డిసెంబర్, జనవరి రాత్రులు ఆ లోటు చాలావరకు తీరుస్తాయి. పగలు ఎండలో ఆకు తయారుచేసుకున్న చక్కెరను రాత్రి వేడిగా ఉంటే మొక్కే ఊపిరికి ఖర్చుపెట్టేసుకుంటుంది. చల్లగా ఉంటే ఆ ఖర్చు తగ్గి, చక్కెర గడ్డలోకి చేరుతుంది. క్యారెట్‌కు ఆ వాసన ఇచ్చే టర్పీన్లు అనే నూనెలు ప్రతి గడ్డలోనూ ఉంటాయి. ఎండలు ముదిరేకొద్దీ తీపి తగ్గి ఆ ఘాటే పైకి తేలుతుంది. నా సంక్రాంతి పంటకు పట్టిన గతి అదే.

కాబట్టి గడ్డ ఊరే చివరి నెలన్నర పూర్తిగా చలిలో పడేలా లెక్క వేసుకోవాలి. హైదరాబాద్, వరంగల్, కరీంనగర్ వైపు దసరా దాటాక అక్టోబర్ నడిమి నుంచి నవంబర్ చివరి దాకా విత్తవచ్చు. విజయవాడ, రాజమండ్రి, కాకినాడల్లో రాత్రులు అంత చల్లబడవు. అక్కడ నవంబర్ ఒక్కటే నమ్మదగిన నెల. నెల్లూరు, తిరుపతి వాళ్లు ఈశాన్య రుతుపవనాల వానలు కాస్త తెరిపి ఇచ్చేదాకా ఆగాలి, లేదంటే ఒక్క జోరువానకు విత్తనమంతా మట్టి నింపిన సంచి (గ్రోబ్యాగ్) అంచుకు కొట్టుకుపోతుంది. మదనపల్లె లాంటి ఎత్తైన చోట్ల, అరకు, లంబసింగి వైపు ఉన్నవాళ్లు అదృష్టవంతులు. వాళ్లకు ఇంకో నెల అటూ ఇటూ అయినా నడుస్తుంది.

ఒకేసారి అన్ని సంచుల్లో విత్తకండి. పదిహేను రోజులకు ఒక సంచి చొప్పున మూడు నాలుగు సార్లు వేస్తే డిసెంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా తాజాగా తీసుకోవచ్చు. ఒక సంచి పాడైనా ఇంకొకటి ఉందన్న ధైర్యం కూడా ఉంటుంది.

పొట్టి రకం ఎందుకు

బజారులో దొరికే ఊటీ క్యారెట్ చూసి అంత పొడుగు కావాలనుకుంటాం. నీలగిరుల చలి మన మిద్దె మీదికి రాదు, అంత లోతు మట్టి మన సంచిలో ఉండదు. పొడుగు రకం వేరు సంచి అడుగున తగిలి వంకర తిరుగుతుంది. పైగా దానికి రోజులు ఎక్కువ కావాలి. పొట్టి రకం డెబ్భై, ఎనభై రోజుల్లో, చలి ఉండగానే పని ముగిస్తుంది.

తేలిగ్గా దొరికేది ఎర్లీ నాంటిస్. కింద కొస మొద్దుగా ఉండి, అయిదారు అంగుళాలు పెరుగుతుంది. నడిమి దూట సన్నం, తీపి ఎక్కువ. హైదరాబాద్ వాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. షాంటెనే రకం తల వెడల్పుగా, కింద కోసుగా, నాలుగైదు అంగుళాలుంటుంది. మట్టి కాస్త బరువైనా సర్దుకుంటుంది. పారిస్ మార్కెట్ అనేది నిమ్మకాయలా గుండ్రటి రకం, లోతు తక్కువ తొట్లకు సరిపోతుంది. పిల్లలు ఎగబడి పీకుతారు గానీ కూరకు తరగాలంటే విసుగు. జపాన్ నుంచి వచ్చిన కురోడా వేడిని కొంత ఓర్చుకుంటుంది కనుక కోస్తా వాళ్లు దాన్ని ప్రయత్నించవచ్చు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ విడుదల చేసిన పూసా కేసర్, పూసా మేఘాలి కూడా మైదానాల వేడికి తట్టుకునేవే. అయితే అవి పొడుగు పెరిగేవి, నేల మీద మడులున్నవాళ్లకు బాగుంటాయి.

ప్యాకెట్ మీద తేదీ చూసి కొనండి. క్యారెట్ విత్తనం రెండు మూడేళ్లకే మొలకశక్తి పోగొట్టుకుంటుంది. పాతదైతే ఇరవై గింజలు తడి టిష్యూ కాగితంలో మడిచి డబ్బాలో పెట్టి పది రోజులు చూడండి. పదికి తక్కువ మొలిస్తే రెట్టింపు ఒత్తుగా విత్తాలి, అయిదుకు తక్కువైతే పారేయడమే. గ్రాముకు ఇంచుమించు ఎనిమిది వందల గింజలు తూగుతాయి కాబట్టి చిన్న ప్యాకెట్ ఇంటికి చాలు. గింజలకు గులాబీ రంగో నీలం రంగో పూసి ఉంటే అది బూజు మందు. వాటిని నానబెట్టకండి, పట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

ఇంకో మాట. మన విత్తనం మనమే కట్టుకుందామనే ఆశ నాంటిస్ లాంటి రకాల దగ్గర పనిచేయదు. అవి పూతకు రావాలంటే కొన్ని వారాల గట్టి చలి పడాలి, అందుకే వాటి విత్తనం కొండ ప్రాంతాల్లోనే తయారవుతుంది.

సంచి, మట్టి

పొట్టి రకానికి జానెడు లోతు, అంటే తొమ్మిది పది అంగుళాల మట్టి చాలు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న గ్రోబ్యాగ్ నాకు అన్నిటికంటే అనువుగా ఉంది. చేపలు ప్యాక్ చేసే థర్మోకోల్ పెట్టెలు, పాత పెయింటు బకెట్లు కూడా పనికొస్తాయి, అడుగున కన్నాలు పెట్టాలంతే. స్లాబు మీద నేరుగా పెట్టకుండా ఇటుకల మీద ఎత్తి పెట్టండి. నీళ్లు కిందికి సాఫీగా దిగుతాయి, స్లాబు వేడి సంచికి తగలదు.

ఇక మట్టి. ఈ పంటలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. క్యారెట్ అంటే మనం తినే వేరు. మొలిచిన కొద్ది రోజులకే ఆ వేరు దారం లాగా నిటారుగా కిందికి దిగి గడ్డ పొడవును నిర్ణయించేస్తుంది, లావెక్కడం ఆ తర్వాతి సంగతి. ఆ దారానికి రాయి తగిలినా, మట్టిగడ్డ అడ్డొచ్చినా, ఎరువు ముద్ద దొరికినా కొస చచ్చి పక్కలకు చీలుతుంది.

పైన చెప్పిన సంచికి నా కొలత ఇది. పదహారు లీటర్ల బకెట్‌తో ఒక బకెట్ జల్లించిన ఎర్రమట్టి, ఒక బకెట్ తడిపి పిండిన కొబ్బరి పొట్టు, అర బకెట్ నది ఇసుక, అర బకెట్ వర్మీకంపోస్ట్, రెండు గుప్పెళ్లు వేపపిండి. కొబ్బరి పొట్టును ఒకటి రెండు సార్లు కడిగి పిండాలి, కొన్నిటిలో ఉప్పు ఎక్కువగా ఉంటుంది. ఇసుక బదులు రోబో శాండ్ వాడితే అందులోని సన్నపొడి తడిసి సిమెంటులా బిగుసుకుంటుంది, వద్దు. నల్లరేగడి మాత్రమే దొరికేచోట దాన్ని పావు వంతుకు మించనివ్వకండి. పశువుల ఎరువు వేస్తే ఏడాది మాగి, టీపొడిలా పొడిపొడిగా, వాసన లేకుండా ఉన్నదే వేయాలి.

అన్నీ జల్లెడ పట్టండి. ఇల్లు కట్టేటప్పుడు ఇసుక జల్లించే జల్లెడ ఉంటే గంట పని. కలిపిన మట్టిని గుప్పెట్లో పట్టి నొక్కితే ఉండ అవ్వాలి, వేలితో తాకితే విడిపోవాలి. చూపుడువేలు మొత్తం అడ్డు లేకుండా దిగాలి. ఆ గుల్లతనం వస్తే సగం పంట వచ్చినట్టే.

గతంలో టమాటా, వంగ, బెండ వేసిన మట్టిని వాడాలంటే ముందు ఆ మొక్కల పాత వేళ్లు చూడండి. వేళ్ల మీద బుడిపెలుంటే వేళ్లను పట్టే నులిపురుగులు (నెమటోడ్లు) మట్టిలో ఉన్నట్టే. ఆ మట్టి క్యారెట్‌కు పనికిరాదు.

విత్తే రోజు

క్యారెట్‌ను నారు పోసి నాటకూడదు. పీకినప్పుడు వేరు కొస తెగితే ఇక ఆ గడ్డ తిన్నగా దిగదు. పెరగాల్సిన చోటే విత్తాలి.

ముందురోజు సాయంత్రం సంచిని నిండుగా తడిపి వదిలేయండి. మట్టి ఒక అంగుళం కుంగుతుంది, మళ్లీ నింపి సమం చేయండి. మర్నాడు చెక్క స్కేలు అంచుతో పొడవునా అదిమి, మూడు అంగుళాల ఎడంతో నాలుగు సాళ్లు గీయండి. లోతు అర అంగుళానికి మించొద్దు.

గింజ జీలకర్రలో మూడో వంతు కూడా ఉండదు, వేళ్లతో ఒక్కొక్కటీ వేయడం కుదిరే పని కాదు. చిటికెడు విత్తనాన్ని రెండు చెంచాల పొడి ఇసుకలో కలిపి, ముగ్గు వేసినట్టు సాలులో వదలండి. ముగ్గు వేయడం వచ్చిన చేతికి ఇది పెద్ద లెక్క కాదు. మా ఇంట్లో ఈ పని నా చేతిలోంచి లాక్కుని మా ఆవిడే చేస్తుంది, నేను వేస్తే ఒక చోట కుప్ప, ఒక చోట ఖాళీ. సాలుకు పాతిక, ముప్పై గింజలు పడితే సరిపోతుంది.

పైన మట్టి కప్పకండి, జల్లించిన కొబ్బరి పొట్టు గానీ వర్మీకంపోస్ట్ గానీ పలచగా చల్లండి. మట్టి ఎండితే పైన పెచ్చు కడుతుంది, దాన్ని పగలగొట్టుకుని వచ్చే బలం ఈ మొలకకు లేదు. అరచేత్తో మెల్లగా అదిమి, స్ప్రేతో తడపండి. ఆపైన తడిపిన గోనెసంచి కప్పండి.

ఆ పన్నెండు రోజులు

కొత్తిమీర లాగే క్యారెట్ విత్తనమూ నిదానం. అవి ఒకే కుటుంబం మరి. తడి అందుతూ ఉంటే ఏడు నుంచి పన్నెండు రోజుల్లో మొలుస్తుంది, ఒక్కోసారి రెండు వారాలు దాటుతుంది. ఈలోపు ఒక్క మధ్యాహ్నం పైపొర ఎండినా, పగిలిన గింజ అక్కడే మాడిపోతుంది. మనమేమో విత్తనాలవాడు మోసం చేశాడంటాం.

పొద్దున, సాయంత్రం గోనె మీదే నీళ్లు చల్లండి. మూతకు కన్నాలు పెట్టిన నీళ్ల సీసా చాలు, మగ్గుతో మాత్రం పోయకండి. అయిదో రోజు నుంచి సాయంత్రం పూట గోనె ఒక అంచు ఎత్తి చూస్తూ ఉండండి. అక్కడక్కడా తెల్లటి కొక్కెం లాంటిది కనపడగానే గోనె తీసేయాలి. ఇంకొక్క రోజు చూద్దామని ఆగితే మొలకలు గోనె పీచులోకి దూరి, తీసేటప్పుడు దాంతోపాటే ఊడొస్తాయి. నేను ఒక సాలు మొత్తం ఇలాగే పోగొట్టుకున్నాను.

ఊరెళ్లే పని ఉంటే ఆ రెండు వారాల్లో పెట్టుకోకండి. తప్పనిసరైతే పక్కింటివాళ్లకు నీళ్ల డ్యూటీ అప్పజెప్పండి, పంటలో వాటా ఇస్తామని చెప్పండి.

గోనె తీశాక పావురాల బెడద మొదలు. హైదరాబాద్ మిద్దెల మీద ఇది అన్నిటికంటే పెద్ద టెన్షన్. లేత మొలకను అవి తిన్నా తినకపోయినా, మట్టిలో కూర్చుని రెక్కలు దులుపుకుని అన్నీ చిందరవందర చేస్తాయి. నాలుగు పుల్లలు గుచ్చి పైన వల కట్టండి. గోనె తీసిన మూడు రోజులు మధ్యాహ్నం ఎండకు కాస్త నీడ ఉంటే మంచిది, ఆ తర్వాత రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలాలి.

మొదట వచ్చే రెండాకులు గడ్డిపోచల్లా ఉంటాయి. కలుపు అనుకుని పీకేసినవాళ్లు నాకు తెలుసు. వరసలో ఉన్నవాటిని ముట్టుకోకండి, పది రోజులాగితే చీలికల ఆకు వచ్చి అదే చెబుతుంది.

మనసు గట్టి చేసుకుని ఒత్తు తీయడం

చేత్తో పెంచిన మొక్కను తీసేయడానికి ఎవరికైనా ప్రాణం ఒప్పదు. కానీ ఎలుకతోక వేళ్లకు మొదటి కారణం ఇదే. రెండు గడ్డలు ఊరేచోట ఆరు మొక్కలుంటే ఆరూ సన్నగానే మిగులుతాయి.

రెండు విడతలుగా తీయండి. మొక్కలు రెండంగుళాలున్నప్పుడు, ఇంచుమించు మూడో వారం చివర, అంగుళానికి ఒకటి చొప్పున ఉంచండి. మరో రెండు వారాలకు రెండున్నర, మూడు అంగుళాలకు ఒకటి. పారిస్ మార్కెట్ రకానికి రెండంగుళాలు చాలు. మొదటి విడతలో పీకడం కంటే చిన్న కత్తెరతో మొదలుకు కత్తిరించడం మేలు, పీకితే పక్క మొక్క వేరు కదులుతుంది. రెండో విడతకు ముందు మట్టి తడిపి, సాయంత్రం పూట పీకండి. తర్వాత కాసిని నీళ్లిచ్చి, మొదళ్ల చుట్టూ వేలితో అదమండి. తీసేసిన లేత ఆకును కడిగి పెసరపప్పులో వేస్తే కొత్తిమీరకూ మెంతికూరకూ మధ్యస్థంగా ఉంటుంది.

చివరికి సంచిలో ముప్పై మొక్కలు మిగులుతాయి. గడ్డ సగటున యాభై గ్రాములు తూగినా కిలోన్నర పంట.

నీళ్లు, ఎరువు

నీటికి ఒకటే సూత్రం, ఒకే తీరుగా ఇవ్వండి. నాలుగు రోజులు ఎండగట్టి అయిదో రోజు వరద పారిస్తే గడ్డ నిలువునా పగులుతుంది. రోజూ బురదగా ఉంచితే గడ్డంతా పీచువేళ్లతో గడ్డం పెంచుతుంది, లేదా కుళ్లుతుంది. వేలు రెండు కణుపులు దించి చూడండి, అక్కడ ఆరితే నీళ్లివ్వండి. చలికాలంలో రోజు విడిచి రోజు నిండుగా ఇస్తే నాకు సరిపోతోంది.

ఎరువు సంగతికొస్తే చేయి కట్టేసుకోండి. యూరియా వద్దు. జీవామృతం వారం వారం పోసే అలవాటున్నవాళ్లు క్యారెట్ సంచిని దాటేయండి. నత్రజని ఎక్కువైతే ఆకు మోకాలెత్తు పెరుగుతుంది, గడ్డ ఊరదు. రెండో ఒత్తు తీశాక సంచికి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్ట్, ఒక చెంచా కట్టెల బూడిద సాళ్ల మధ్య వేసి పైపైన కలిపితే చాలు.

యాభయ్యో రోజు దాటాక గడ్డ తల మట్టి పైకి తొంగిచూస్తుంది. దానికి ఎండ తగిలితే పచ్చబడి, ఆ ముక్క చేదెక్కుతుంది. వారానికోసారి చూసి, తల కప్పేలా మట్టి ఎగదోయండి.

పురుగులు, తెగుళ్లు

చలికాలం పంట కావడంతో ఇవి తక్కువే. విదేశీ వీడియోల్లో క్యారెట్ ఈగ గురించి భయపెడుతుంటారు, అది చలి దేశాల పురుగు, దాని కోసం కంగారు పడనక్కర్లేదు. మనకు కనిపించేది పేనుబంక. లీటరు నీళ్లకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం ఆకు అడుగున తగిలేలా కొడితే పోతుంది. ముదురాకుల అంచులు గోధుమరంగుకు మాడుతుంటే ఆ ఆకులు తీసేసి, నీళ్లు ఆకు మీద కాకుండా మొక్క మొదలు దగ్గర పోయండి. కోతులొచ్చే ఊళ్లలో మాత్రం ఇనుప జాలీ తప్ప నా దగ్గర వేరే మందు లేదు.

ఎప్పుడు తీయాలి

ప్యాకెట్ మీద రోజులు రాసి ఉంటాయి, వాటిని పూర్తిగా నమ్మకండి. డెబ్భై రోజులు దాటాక తల దగ్గర మట్టి వేలితో పక్కకు తోయండి. గడ్డ వెడల్పు మీ బొటనవేలును మించి ఉంటే ఒకటి తీసి కొరికి చూడండి. తీపి వచ్చిందా, మొదలుపెట్టండి. ఇంకా లావెక్కుతుందని మార్చి దాకా ఉంచితే నడుమ దూట కట్టెలా మారుతుంది. ఫిబ్రవరి చివరికి సంచి ఖాళీ కావాలి.

తీసే ముందురోజు నీళ్లివ్వండి. ఆకులు పట్టుకుని గుంజితే ఆకే చేతిలోకొస్తుంది. పక్కన కుర్పీ దించి మట్టి వదులు చేసి, తల దగ్గర పట్టుకుని కాస్త తిప్పుతూ లాగండి. తీసిన వెంటనే ఆకు కోసేయండి, లేకపోతే అది గడ్డలోని నీటిని పీల్చి సాయంత్రానికి మెత్తబరుస్తుంది. కడగకుండా మట్టి దులిపి, తడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు వారాలు నిలుస్తాయి. ఆపిల్ పండ్ల పక్కన మాత్రం పెట్టొద్దు, వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు క్యారెట్ చేదెక్కుతుంది. కోసిన తలను గిన్నెలో నీళ్లలో పెడితే మళ్లీ క్యారెట్ వస్తుందని చూపించే వీడియోలు ఉన్నాయి. వచ్చేది ఆకు మాత్రమే, గడ్డ రాదు.

ఖాళీ అయిన సంచిలో రెండు మూడు గుప్పెళ్ల కంపోస్ట్ కలిపి నేను బంతి నారు వేస్తాను. బెండ వేయను, నులిపురుగులకు దాని వేళ్లంటే మహా ఇష్టం. వేసవి అయ్యాక బంతి మొక్కల్ని వేళ్లతో సహా ముక్కలు చేసి అదే మట్టిలో కలిపేస్తే, దసరాకు ఆ సంచి మళ్లీ క్యారెట్‌కు సిద్ధం.